ఊ కొట్టడం నేర్చుకున్న వార్డు

బైబిలు మీద కుడిచెయ్యి పెట్టి, కాగితం గాలికి లేచిపోకుండా దాని మీద ఎడమచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. రెండు చేతులూ అక్కడుంటే కలం దేంతో పట్టుకున్నావని అడిగేవాళ్ళుంటారు. మొదటి వాక్యంలోనే దొరికిపోయాడని సంతోషించకండి. ప్రమాణం అయిపోయాక ఒక చెయ్యి తీసుకున్నాను, అంతే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పుకోవలసి వచ్చిందంటే, నా పేరు దానియేలు అయినా విశాఖపట్నం పోర్టులో ఎవరినడిగినా 'కోతల దానేలా?' అంటారు. ఓడల్లో సరుకు ఎత్తి దించే కళాసీని నేను. ఒక చలికాలం డాల్ఫిన్స్ నోస్ కొండకి జలుబు చేసి తుమ్మితే, బయట లంగరేసుకున్న ఓడలన్నీ భీమిలి దాకా కొట్టుకుపోయాయని చెప్పినవాణ్ణి నేనే. వాటిని తాడేసి వెనక్కి లాక్కొచ్చిన వాళ్ళలో నేనూ ఉన్నానని కూడా చెప్పాను. ఆ తాడు ఒరుసుకున్న మచ్చ కూడా చూపించేవాణ్ణి. అది చిన్నప్పుడు సైకిలు మీంచి పడితే అయిన మచ్చ.

మొన్న ఆదివారం మా చర్చి మెట్ల మీద ఒకాయన నన్ను పక్కకి పిలిచి, తన కొడుకు నిద్రపోవడం లేదనీ, ఎవరితోనూ మాట్లాడడం లేదనీ, 'ఆ ఆసుపత్రి'కి తీసుకెళ్ళాలా వద్దా అనీ గొంతు తగ్గించి అడిగాడు. నేను అక్కడ ఉండి వచ్చానని ఎవరో చెప్పారట. నోటితో చెబితే నన్ను నమ్మేవాళ్ళు లేరు కాబట్టి రాసి ఇస్తానన్నాను. ఇది ఎనభై ఆరు. జరిగి నాలుగేళ్ళు దాటింది. రాస్తుంటే ఇప్పటికీ మధ్యలో లేచి మంచినీళ్ళు తాగాల్సి వస్తోంది.

ఎనభై రెండు, వానలకి ముందు

పోర్టులో నాకు జతగాడు పోలయ్య. వాళ్ళది సముద్రం ఒడ్డున వేటకెళ్ళే కుటుంబం. అన్నదమ్ములంతా పడవల మీద ఉంటే ఇతనొక్కడూ పోర్టులో చేరాడు. మాటలు తక్కువ. కానీ ఊ కొట్టడంలో అతన్ని మించినవాణ్ణి చూడలేదు. కోతలు కోసేవాడికి అన్నం లేకపోయినా ఒక పూట గడుస్తుంది గానీ ఊ కొట్టేవాడు లేకపోతే గడవదు. బస్తా ఎత్తుతూ పోలయ్య కొట్టే ఊ ఒకలా ఉండేది, దించుతూ కొట్టే ఊ ఇంకోలా ఉండేది. ఎక్కడ నేను మరీ ఎక్కువ కోస్తున్నానో అక్కడ అతని ఊ కొంచెం సాగేది. నమ్మలేదని దానర్థం. ఆపమని మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆ రోజు ఓడ అడుగున గోధుమ బస్తాలు ఎత్తుతున్నాం. పై నుంచి తాళ్ళ వల దిగుతుంది, మేం బస్తాలు పేరుస్తాం, క్రేను పైకి లాగుతుంది. నేను ఒక గ్రీకు కెప్టెన్ పెంచిన చిలక గురించి చెబుతున్నాను. ఆ చిలక మన రేవులో వారం రోజులుండేసరికి సగం గ్రీకులోనూ సగం మన పేట భాషలోనూ తిట్టడం మొదలెట్టింది అన్నాను. పోలయ్య 'ఊఁ' అన్నాడు. 'అప్పుడు కెప్టెన్ ఏటి సేసేడంటే' అన్నాను, బస్తా సర్దుతూ, వెనక్కి తిరక్కుండానే.

ఊ రాలేదు.

చప్పుడు తర్వాత వినపడిందో ముందే వినపడిందో నాకు తెలియదు. తాళ్ళ వల తెగింది. తాడు పాతబడిందని తర్వాత తేల్చారు. నీ తప్పేమీ లేదన్నారు. అసలు నా తప్పని ఎవరూ అనలేదు కూడా.

సాయంత్రం ఆసుపత్రి వసారాలో పోలయ్య భార్య నూకాలు గోడకి చేరగిలబడి కూర్చుంది. నన్ను చూసి ఏడుపాపి అడిగింది. "అన్నియ్యా, నువ్వు పక్కనే ఉన్నావు గదా. ఆకర్న ఏటన్నాడు?"

చెబుదామనే నోరు తెరిచాను. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. నా నోరు ఆ రోజు మూతపడింది.

ఎనభై రెండు, వానాకాలం నుంచి క్రిస్మస్ దాకా

మొదట అందరూ దుఃఖమన్నారు. తర్వాత గీర అన్నారు. ఆ తర్వాత గొంతు జబ్బన్నారు. వర్షాలు వెళ్ళేసరికి అందరి మనసులోనూ ఉన్న అసలు మాట, పిచ్చి అన్న మాట, పైకి అనడానికి ఎవరూ ధైర్యం చెయ్యలేదు.

నాకు జరుగుతున్నది ఇది. ఏదైనా చెప్పబోతే, చెప్పాక వచ్చే నిశ్శబ్దం ముందే వినిపించేది. ఆ నిశ్శబ్దంలో ఏదో పడుతుంది. అందుకని మాట మొదలెట్టకుండా ఉండడమే క్షేమం. నిద్ర కూడా అంతే. కన్ను మూతపడగానే తల మీద బరువు దిగుతున్నట్టుండి లేచి కూర్చునేవాణ్ణి. పనికి వెళ్ళాను గానీ ఓడ నిచ్చెన దాకా వెళ్ళి వెనక్కి తిరిగొచ్చేశాను. సెలవు పెట్టించారు.

నా భార్య రత్నం ఒక బడిలో ఆయా. వంద మంది పిల్లల ముక్కులు తుడిచి ఇంటికొచ్చి, ఒక పెద్దవాడికి అన్నం తినిపించాలి. నా పక్కన కూర్చుని "ఏటీ కాదులే, ఏటీ కానేదులే నీకు" అనేది. వాళ్ళ తమ్ముడు సామ్యేలు కూర్మన్నపాలెం నుంచి వచ్చి, "బావా, నీకేటీ కాదు, లెగు" అనేవాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి "ఏమీ కాదు, దేవుడున్నాడు" అనేవారు. పక్కింటివాళ్ళు కిటికీలోంచి "ఏటీ కాదొదినా" అనేవారు. అంతమంది ఏమీ కాలేదంటుంటే, అయిందని నాకొక్కడికే తెలియడం చాలా ఒంటరి పని. ప్రేమతోనే అనేవారు, అది నాకు తెలుసు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా ఎవరో నా ముఖం మీద తలుపు మెల్లగా, మర్యాదగా వేసినట్టుండేది.

నెలకోసారి నూకాలు వచ్చేది. గడప మీద కూర్చునేది. కాగితంలో చుట్టిన ఎండుచేపలు రత్నం చేతికిచ్చేది. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. అడగకుండా నా ముఖం కాసేపు చూసి లేచి వెళ్ళిపోయేది. ఆవిడకి ఒక్క మాట కావాలి. అది నా దగ్గర తప్ప భూమ్మీద ఇంకెవరి దగ్గరా లేదు. నేనేమో ఇవ్వలేకపోతున్నాను. నా జబ్బులో నన్ను తినేసింది అదే. మిగతాదంతా ఒళ్ళలసట.

క్రిస్మస్ నాడు చర్చిలో పాట మధ్యలో నేను బల్ల కిందకి దూరిపోయాను. పై నుంచి ఎవరో పాటల పుస్తకం జారవిడిచారు, అంతే. ఇక సామ్యేలు ఆగలేదు.

ఎనభై మూడు, చలి పోతున్న రోజులు

ఆసుపత్రి పేరు రాయను. ఊళ్ళో దాన్నేమంటారో మీకు తెలుసు. అక్కడ కూర్చునే హాలులో ఒక విచిత్రం చూశాను. వచ్చినవాళ్ళంతా గోడ వైపు తిరిగి కూర్చుంటారు. తెలిసినవాళ్ళు చూస్తారని తువ్వాలు చెవుల మీదుగా కప్పుకుంటారు. అందరూ దాక్కునేసరికి ఎవరు రోగో ఎవరు తోడో పోల్చుకోవడం కష్టం. ఫినాయిలు వాసన. లోపల ఎవరిదో పేరు పిలుస్తారు, ఆ పేరు గలవాళ్ళు ఉలిక్కిపడి, మన పేరు కాదన్నట్టు నటించి, తర్వాత లేస్తారు.

రత్నం, సామ్యేలు అక్కడే పోట్లాడుకున్నారు. గొంతులు పెంచకుండా, పళ్ళ మధ్య నుంచి.

"ఇక్కడొదిలీసి ఎల్లిపోదావంతావేటి?" అంది రత్నం.

"ఒదిలీడానికి తెచ్చేనేటక్కా? ఇంటికాడ నువ్వు సస్తన్నావు. నాను సూత్తన్నాను గదా."

"నాను సస్తే నీకేటి?"

"అదిగో, అలగ మాటాడకు."

పక్కన కూర్చున్న ముసలమ్మ ఒకామె, తన మనవరాలి చెయ్యి వదలకుండానే, ఒడిలోని వేరుశనక్కాయలు వొలిచి గింజలు రత్నం అరచేతిలో పెట్టింది. ఎవరని గానీ, ఏమైందని గానీ అడగలేదు. ఆ గింజలు తింటూ రత్నం ఏడ్చింది. ఆ ముసలమ్మని మళ్ళీ చూడలేదు.

నన్ను వార్డులో ఉంచుకున్నారు. పేటలో ఏం చెప్పాలో తెలియక రత్నం, నేను ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పనికి వెళ్ళానని చెప్పింది. పాపం, అలవాటు లేని మనిషి. ఎవరో వివరాలడిగితే మేస్త్రీనన్నది, ఇంకెవరో అడిగితే సూపర్వైజరునన్నది. వేసవి వచ్చేసరికి ఉక్కునగరంలో నాకు క్వార్టరు కూడా వచ్చేసింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వాళ్ళ కొడుకులకి ఉద్యోగం వేయించమని రత్నం వెంట పడ్డారు. నా నోరు మూతపడ్డా మా ఇంట్లో కోతల ఉత్పత్తి మాత్రం ఆగలేదు.

ఎనభై మూడు, వేసవి

వార్డు మొదట ఎలా ఉండేదో చెబితేనే తర్వాతది అర్థమవుతుంది. పొడుగాటి హాలు, రెండు వరసల మంచాలు. చూసుకోవడానికి వార్డుబోయ్‌లు. అందరికీ నలభై దాటినా బోయ్‌లే. వాళ్ళలో పెద్దవాడు అప్పలసామి. తలుపు నిండా పట్టే మనిషి. ఎవరైనా అరిస్తే భుజం మీద చెయ్యేసి మంచం మీదకి అదిమి, "ఏటీ కాదు, కూకో" అనేవాడు. కూకోకపోతే ఇద్దరు ముగ్గురు కలిసి గుడ్డతో చేతులు మంచానికి కట్టేవారు. చెడ్డవాళ్ళు కాదు. అంతమంది రోగులకి వాళ్ళు కొద్దిమందే, ఇంకోలా చెయ్యడం వాళ్ళకి ఎవరూ చూపించలేదు. మా ఇంట్లో విన్న మాటే ఇక్కడా వినపడేసరికి నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. మాత్రలు మింగితే నోరెండిపోయేది, చేతులు వణికేవి, పగళ్ళు సాగేవి.

అప్పుడొక డాక్టరమ్మ వచ్చింది. గుంటూరు వైపు మనిషి. సన్నగా, కళ్ళజోడుతో, పుస్తకంలోంచి దిగినట్టు మాట్లాడేది. వార్డుబోయ్‌లందరినీ మా వరండాలో బెంచీల మీద కూర్చోబెట్టి పాఠం మొదలెట్టింది. నా మంచం కిటికీ పక్కనే.

"కాలికి దెబ్బ తగిలితే డాక్టరు వచ్చే లోపు ఏం చేస్తారు?"

"టింక్చరు రాసి కట్టు కడతావమ్మా," అన్నాడు అప్పలసామి.

"మనసుకి తగిలితే కూడా అలాంటి ప్రథమ చికిత్స ఒకటి ఉంది."

"మనసుకి కట్టెక్కడ కడతారమ్మా? మావు సేతులికే కడతన్నాం."

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కోప్పడనూ లేదు. "సరే, ముందు చెయ్యకూడనిది చెబుతాను. భయపడుతున్న మనిషితో 'ఏం కాదులే' అనకూడదు."

వరండా అంతా గొల్లుమంది. "అదేటమ్మా! మరేటనాల? అది అననేకపోతే మాకింక నోరెందుకు?"

"ఏదో అయిందని అతనికి తెలుసు. మీరు కాలేదంటే, ఇంక మీతో చెప్పుకోడు. ఏమీ అనక్కర్లేదు. పక్కన కూర్చోండి. పై నుంచి కాదు, అతని ఎత్తులో. ఎక్కడున్నాడో, మీరెవరో చెప్పండి. నీళ్ళివ్వండి. చెబితే వినండి. వింటున్నారని అతనికి తెలియాలి."

"ఎలగ తెలుస్తాదమ్మా?"

"చిన్నప్పుడు మీ అమ్మమ్మ కథ చెబుతుంటే ఏం చేసేవారు?"

"నిద్దరోయీవోన్ని," అన్నాడు అప్పలసామి.

"అంతకు ముందు?"

"ఊ కొట్టీవోన్ని."

"అదే," అంది డాక్టరమ్మ.

కిటికీ ఇవతల నేను దుప్పటి మీదకి లాక్కున్నాను.

నేర్చుకోవడానికి ఒక రోగి కావాలి కదా. ఎదురు తిట్టనివాడు, లేచి పారిపోనివాడు, ఎంతసేపు కూర్చున్నా ఏమీ అననివాడు. నన్ను ఎంచుకున్నారు. వంతులేసుకుని ఒక్కొక్కరూ నా మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవారు. నేను మాట్లాడను. వాళ్ళు ఊ కొట్టేవారు. లోకంలో కథ లేకుండా ఊ కొట్టించుకున్న మొదటి మనిషిని నేనే అయివుంటాను. ఒకడు ఊ కొడుతూ కొడుతూ స్టూలు మీదే నిద్రపోయాడు. ఇంకొకడు విసుగెత్తి, తన తోడల్లుడు చేస్తున్న ఆగడాలన్నీ నాకు చెప్పడం మొదలెట్టి, మధ్యమధ్య ఆగి, నేను ఊ కొట్టడం లేదని నా వైపు నిష్ఠూరంగా చూశాడు.

అప్పలసామి అందరికన్నా శ్రద్ధగా నేర్చుకున్నాడు. అదే కొంప ముంచింది.

నా ఎదురు మంచం మీద సూరప్పడు తాత ఉండేవాడు. కొడుకులు చూడ్డానికి వచ్చి చాలాకాలమైంది. ఒక పొద్దున్న తాత అప్పలసామిని పట్టుకుని గోడు చెప్పుకుంటున్నాడు. అప్పలసామి నేల మీద, తాత ఎత్తులో కూర్చుని, కళ్ళు మూసుకుని మరీ ఊ కొడుతున్నాడు.

"కాళ్ళు లాగేస్తన్నాయి బాబూ."

"ఊఁ."

"ఆకలి సచ్చిపోయింది."

"ఊఁ."

"మావోళ్ళు ఇంక రారేటి?"

"ఊఁ."

"అయితే నానింక ఇక్కడే సచ్చిపోతానేటి?"

"ఊఁ," అన్నాడు అప్పలసామి, ఎంతో ఓర్పుగా.

తాత పెట్టిన కేకకి వార్డు వార్డంతా లేచింది. "ఓలమ్మో! వార్డుబోయే సెప్పీసేడు! నాను పోతాన్రో!" ఆ మూల ఒకడు ఏడుపందుకున్నాడు. ఈ మూల ఒకడు తనకెప్పుడో చెప్పమని అప్పలసామి చొక్కా పట్టుకున్నాడు. అప్పలసామి బిక్కచచ్చిపోయి నిలబడ్డాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళ బతుకులో ఊ అనేది ఎక్కడ పడాలో ఎక్కడ పడకూడదో తెలిసినవాణ్ణి. "ఒరే, అక్కడ కాదురా ఊ కొట్టడం! అడిగినప్పుడు కాదు, సెప్పినప్పుడు!" అని అరిచాను.

అరిచాక గానీ అది నా గొంతని నాకు తెలియలేదు. తుప్పు పట్టిన గొలుసు లాగినట్టుంది.

"మాటాడీసేడు!" అన్నాడు అప్పలసామి. తాత కూడా చావడం ఆపి నా వైపు చూశాడు.

డాక్టరమ్మ వచ్చింది. నా దగ్గర హడావిడి ఏమీ చెయ్యలేదు. మంచం పక్కన కూర్చుని, "మీరు చెప్పింది సరైన మాటే. వీళ్ళకి అది నేను చెప్పి ఉండాల్సింది," అంది. లేచి తాత దగ్గరికి వెళ్ళి, ఆ రోజంతా అక్కడే ఎక్కువసేపు గడిపింది. మర్నాటి పాఠంలో ప్రశ్నకి ఊ కొట్టకూడదని చేరింది.

ఎనభై మూడు, వానలు

మాట వచ్చింది గనక బాగైపోయాననుకోకండి. నీళ్ళు కావాలంటే నీళ్ళనేవాణ్ణి, చాలంటే చాలనేవాణ్ణి. రత్నం వస్తే "వచ్చేవా" అనేవాణ్ణి. ఆ ఒక్క మాటకి ఆవిడ బస్సు దిగి నడిచొచ్చిన అలసటంతా పోయేదని చెబితే అది కోతే. అలసట అలాగే ఉండేది. ఇద్దరం అలిసిపోయి పక్కపక్కన కూర్చునేవాళ్ళం.

"నూకాలొచ్చింది," అనేది రత్నం. "అడిగింది, ఎలగున్నాడని." అంతకుమించి అనేది కాదు. ఆ నెల చేపలు ఏం తెచ్చిందో కూడా చెప్పేది కాదు.

ఒక మధ్యాహ్నం, బయట జోరున వాన. భోజనాలు మోసుకొస్తుంటే వసారాలో సాంబారు గంగాళం జారి గచ్చు మీద పడింది. తర్వాత నాకు తెలిసింది మంచం కింద ఉన్నానని. తల చేతుల మధ్య పెట్టుకుని ఉన్నాను. ఊపిరి అందడం లేదు.

అప్పలసామి పాదాలు కనిపించాయి. తర్వాత మోకాళ్ళు. తర్వాత, ఆ పర్వతం మొత్తం గచ్చు మీదకి వాలింది. మంచం కిందకి రావాలని చూశాడు గానీ పొట్ట అడ్డొచ్చింది. బయటే పక్కకి తిరిగి పడుకుని నా ముఖం వైపు చూశాడు.

"బావా, ఏటీ కా..." అని, నాలిక కరుచుకున్నాడు. మళ్ళీ మొదలెట్టాడు. "బావా, నాను అప్పలసామిని. ఇది వార్డు. కిందన గచ్చు. నీ పైన మంచం. పడింది గంగాళం. సాంబారంతా పోయింది. మద్దేనం మజ్జిగే మనకి."

ఇంట్లో ఒక బావమరిది చాలడన్నట్టు ఇక్కడ ఇంకొకడు. వాడి నోటి వెంట వచ్చిన ఒక్కొక్క వస్తువునీ తడుముకుంటూ పోయాను. గచ్చు, మంచం, గంగాళం. ఓడ లేదు.

నీళ్ళ గ్లాసు నేల మీద నా వైపు తోశాడు. తాగాను. మంచం కిందే ఉండి మొదలుపెట్టాను. "పోలిగాడని ఒకడుండేవాడు."

"ఊఁ."

గోధుమ బస్తాలు చెప్పాను. ఊఁ అన్నాడు. తాళ్ళ వల చెప్పాను. గ్రీకు కెప్టెన్, చిలక, చిలక తిట్లు. ఊఁ, ఊఁ. "అప్పుడు కెప్టెన్ ఏటి సేసేడంటే, అన్నాను నేను," అని ఆగిపోయాను. అది దాటి నాకు దారి లేదు. పై నుంచి దిగే బరువు కోసం ఎదురు చూశాను.

వాన చప్పుడు. అప్పలసామి కళ్ళు తడిగా ఉన్నాయి. నోరు కదుపుతున్నాడు గానీ రావడం లేదు. నేనడిగింది ప్రశ్నో, చెప్పింది మాటో తేల్చుకోలేక అవస్థ పడుతున్నాడని తర్వాత చెప్పాడు. చివరికి వచ్చింది. పగిలిపోయి, ఆలస్యంగా, తుమ్ములాగా. "ఊఁ."

అంత చెడ్డ ఊ నేను పుట్టి వినలేదు. దాని తర్వాత ఏమీ పడలేదు. "అప్పుడు తిరిగి చూశాను," అన్నాను. మిగిలింది చెప్పాను. చూసిందంతా చెప్పాను. అది ఇక్కడ రాయను.

అంతా అయ్యాక ఇద్దరం అలాగే పడుకున్నాం. కాసేపటికి, "బావా," అన్నాడు, "మరా కెప్టెనేటి సేసేడు?"

"తెల్దురా. ఇంకా కట్టనేదు అదీ," అన్నాను.

ఎనభై నాలుగు, ఎండలు మొదలయ్యేటప్పుడు

ఇంటికొచ్చాను. ఉక్కు ఫ్యాక్టరీ సూపర్వైజరు ఉద్యోగానికి ఆరోగ్యం సరిపడక రాజీనామా చేశానని రత్నం పేటలో చెప్పింది. అందరూ అయ్యో అన్నారు. పోర్టులో నన్ను ఓడల మీదకి పంపకుండా గోదాములో వేశారు.

నూకాలు వస్తుందని తెలిసిన రోజు నేను తెల్లవారుజాము నుంచీ తయారవుతున్నాను. మీ దగ్గర దాచడం ఎందుకు, నా చేతిలో విద్య ఉంది. పోలయ్య ఆఖరి మాటలు అప్పటికి రకరకాలుగా కట్టి పెట్టుకున్నాను. ఒకదాంట్లో భార్య పేరు పిలిచాడు. ఒకదాంట్లో పిల్లల్ని చదివించమన్నాడు. ఇంకొకటి ఎంత బాగుందంటే కట్టిన నాకే కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఓడ అడుగున మేమిద్దరమే ఉన్నాం. కాదనేవాళ్ళు లేరు. ఆవిడ ఆ మాట పట్టుకుని మిగిలిన బతుకంతా గడిపేయగలదు. అది పాపమని కూడా నేననుకోను.

ఆవిడ గడప మీద కూర్చుంది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. నేనే వెళ్ళి గడప అవతల, ఆవిడ ఎత్తులో కూర్చున్నాను.

"నువ్వడిగేవు గదమ్మా, ఆకర్న ఏటన్నాడని," అన్నాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కట్టుకున్నవన్నీ నాలిక చివరికి వచ్చి వరసగా నిలబడ్డాయి. నూకాలు వాటి కోసం రెండేళ్ళు నడిచి రాలేదు. ఆవిడ అడిగింది పోలయ్య మాట, నా మాట కాదు.

"నాను కత సెబుతన్నాను. ఊఁ అన్నాడు. అంతేనమ్మా. ఇంకేటీ అన్నేదు."

నూకాలు కొంగు తీసేసింది. ముఖం ముడుచుకుని, విప్పుకుని, ఒక్కసారిగా నవ్వేసింది. "ఇంటికాడా అంతేనన్నియ్యా! బియ్యం నేవంటే ఊఁ, గుంటడికి జొరవంటే ఊఁ. ఏటడిగినా ఊఁ. మా ఆయనే, అచ్చం మా ఆయనే!" నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. రత్నం టీ పట్టుకొచ్చింది. ముగ్గురం తాగాం.

చర్చి మెట్ల మీద నన్ను అడిగిన పెద్దమనిషీ, మీ అబ్బాయిని తీసుకెళ్ళండి. గోడ వైపు తిరిగి కూర్చోవలసిన పని లేదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఏం కాదులే అనకండి. పక్కన కూర్చోండి. అతను మాట్లాడకపోయినా సరే. విసుగేస్తుంది, నిద్రొస్తుంది, ఫరవాలేదు.

ఇక ప్రమాణం సంగతి. బైబిలు ఇక్కడే ఎదురుగా ఉంది గనక చెప్పేస్తున్నాను. ఇందులో ఒక్క చోట కల్పించాను. అప్పలసామి నిజం, సూరప్పడు తాత నిజం, గంగాళం నిజం, సాంబారు పోయిన మాటా నిజం. నూకాలు నవ్వడం ఒక్కటీ నేను కట్టింది. ఆవిడకి నిజం చెప్పి, మీకు అబద్ధం చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. ఏడవనూ లేదు. ఊఁ అన్నాడని నేను చెప్పాక, చాలాసేపు వీధి వైపు చూస్తూ కూర్చుంది. రత్నం తెచ్చిన టీ చల్లారిపోయింది. తర్వాత లేచి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని, నా వైపు తిరిగి, "నువ్వు సెప్పిందే గదా అన్నియ్యా," అని వెళ్ళిపోయింది.

పక్కనే ఉన్నవాడివి, నీ మాటే నాకు చాలు అన్నదో, ఊరంతా కోతలు కోసేవాడివి, నీ మాటకేం లెక్క అన్నదో ఆ గొంతులో నాకు తెలియలేదు. మళ్ళీ రాలేదు. చేపలు మాత్రం ఎవరి చేతనో పంపుతూనే ఉంది.